క్లచ్ విప్పిన ఇల్లు

నందిరేవు మునిసిపాలిటీకి ఏటా ఏదో ఒక పూనకం వస్తుంది. ఒక ఏడాది ఊళ్ళో ప్రహరీగోడలన్నింటికీ నీలం రంగు కొట్టించారు. మరో ఏడాది వీధికుక్కలన్నింటికీ నంబర్లు మంజూరు చేశారు. నంబర్లు బిళ్ళల మీద చక్కగా అచ్చయి వచ్చాయి గాని, మెడలో వేయించుకోవడానికి కుక్కలు ముందుకు రాలేదు. ఈ ఏడాది వచ్చిన పూనకం పేరు ‘ఇల్లు ఇల్లుగా’ మహోద్యమం.

దీనికంతటికీ మూలం కడుపుమంట. ఎక్కడో ఒక ఊరికి ‘ప్రశాంత పట్టణం’ అని బహుమతి ఇచ్చారట. ఆ ఊళ్ళో ఇళ్ళ మధ్య వెల్డింగు షాపు గాని, పిండిమర గాని మచ్చుకైనా లేదట. ఆ వార్త పేపర్లో చదివిన నాటి నుంచి నందిరేవు కమిషనర్ గారికి అన్నం సయించలేదు. ఇళ్ళ మధ్య నక్కి ఉన్న కార్ఖానాలను ఏరి పారేయాలని కౌన్సిల్లో తీర్మానం చేయించారు. ఏరాలంటే ముందు ఇల్లంటే ఏమిటో తేలాలి కదా. దానికొక ఉపసంఘం వేశారు. ఉపసంఘం సభ్యులు సాయంత్రం ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళి, పడక్కుర్చీల్లో కాళ్ళు చాపుకుని, భార్యలు తెచ్చి ఇచ్చిన కాఫీ తాగుతూ, పకోడీలు నములుతూ తీవ్రంగా ఆలోచించారు. చుట్టూ చూశారు. నిజమే, ఇంట్లో ఏ పనీ జరగడం లేదు. మర్నాడు ఏకగ్రీవంగా నిర్వచనం సమర్పించారు: ‘ఇల్లు అనగా ఏ పనియు జరగని ఆవరణ. ఏదేని పని జరుగు ఆవరణ కార్ఖానా అనబడును.’

ఈ నిర్వచనాన్ని ఊళ్ళో అందరికంటే ముందు మెచ్చుకున్నవాడు ఇంటూరి పురుషోత్తం. ఆయన ఒక సహకార సంస్థ ఆఫీసులో సూపరింటెండెంటు. రూలు కనబడితే చాలు, గుడి ముందు నుంచి వెళ్తున్నట్టు ఆయన చెయ్యి దానంతటదే చెంపల మీదికి పోతుంది. “స్పష్టత అంటే ఇదీ!” అని మురిసిపోయి కమిషనర్ గారికి అభినందన లేఖ రాశాడు. ఆయన భార్య కాత్యాయని టిఫిను ప్లేట్లు తీసి, బల్ల తుడిచి, కవరుకు జిగురు రాసి ఇచ్చి, గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళింది. ఆయన తల్లి సుందరమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తూ, “మంచిదే నాయనా, ఇంట్లో పనే లేకపోతే అంతకంటే కావలసిందేముందీ” అంది.

పురుషోత్తానికి రూళ్ళ తర్వాత ప్రాణం తన మోటారు సైకిలు. పెళ్ళయిన కొత్తలో కొన్న బండి. దాని మీద మెకానిక్ చెయ్యి పడితే ఆయన ఓర్చుకోలేడు. కంపెనీ వాళ్ళిచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని అన్నీ తనే చేసుకుంటాడు. ఈమధ్య ఆ బండికి ఒక జబ్బు పట్టుకుంది. రైల్వే వంతెన ఎక్కేటప్పుడు ఎంత రేజ్ చేసినా ఇంజను గొంతు చించుకుంటుందే గాని బండి కదలదు. వెనక కూర్చున్న కాత్యాయని దిగి, నడిచి వంతెన దాటి, అవతలి వైపు ఆయన కోసం ఎదురుచూడాల్సి వస్తోంది.

“మీరు బండి మీద రండి, నేను ముందెళ్ళి కూరగాయలు కొనుక్కుని వచ్చేస్తా” అందామె ఒకరోజు. ఎగతాళి చేసినట్టు కూడా అనలేదు. అదే ఆయనకు మరీ గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి పోర్టికోలో బండి ముందు కూర్చున్నాడు. ముందు క్లచ్ లీవరు దగ్గర వైరుకు కాస్త వదులు ఉందో లేదో చూశాడు. వైరు మరీ బిగుతుగా ఉంటే క్లచ్ పూర్తిగా పట్టదు. వదులు ఉండాల్సినంత ఉంది. తర్వాత బండి స్టార్టు చేసి, మూడో గేరులో వేసి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని మెల్లగా క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఆగలేదు. హాయిగా తిరుగుతూనే ఉంది.

“లోపల ప్లేట్లు అరిగి జారిపోతున్నాయి” అని తేల్చాడు. “దానికి తోడు మీ తమ్ముడు కారుకు పోయగా మిగిలిందని ఇచ్చిన ఆయిలు ఒకటి. కారు ఆయిలు ఈ క్లచ్‌కి పనికిరాదు, జారుడు ఎక్కువైపోతుంది.”

“పొయ్యమని వాడు చెప్పాడా? ఊరికే వస్తోంది కదా అని మీరే పోశారు” అంది కాత్యాయని. ఆయన ఆ సంగతి వినిపించుకోకుండా పాత ఆయిలు కిందికి వదిలాడు. కిక్ రాడ్ తీసి, ఇంజను పక్క మూత విప్పాడు. మూత వెనక నీడగా ఉంటే కాత్యాయని కూర తరగడం ఆపి వచ్చి టార్చిలైటు పట్టుకుంది. స్ప్రింగుల బోల్టులు ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేసి, ప్లేట్లు బయటికి తీశాడు. అవి నున్నగా, మాడిన అప్పడాల రంగులో ఉన్నాయి. వాటిని పరీక్షగా చూసుకోవాలని ఎండలో పెట్టాడు. ఎండ బాగా పడేది డాబా మీద, కాత్యాయని వడియాలు పెట్టిన చాప పక్కన. అనుమానం కొద్దీ ముందే కొని ఉంచిన కొత్త ప్లేట్లను బిగించే ముందు ఆయిల్లో నానబెట్టాలని పుస్తకంలో ఉంది. ఇంట్లో వెడల్పాటి పాత్ర ఏదా అని వెతికితే బూరెల మూకుడు దొరికింది. వంటింటి గట్టు మీద ఆ మూకుడులో ఆయిలు పోసి ప్లేట్లు నానబెట్టాడు.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని వర్గీకరణ ఇన్‌స్పెక్టరు గజేంద్రపతి లోపలికొచ్చాడు. ఆయన చేతిలో ‘ఇది ఇల్లే’ అని పచ్చరంగు అక్షరాలున్న స్టిక్కర్లు ఉన్నాయి. మహోద్యమంలో భాగంగా ఇంటింటికీ ఒకటి అంటించడం ఆయన బాధ్యత. మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన మనిషి ఇల్లు కదా అని మొదటి స్టిక్కరు ఇక్కడే అంటిద్దామని వచ్చాడు.

“ఏమి జరుగుచున్నదండీ ఇచ్చట?”

“రండి రండి! ఏం లేదండీ, క్లచ్ బాగు చేసుకుంటున్నా. చిన్న పని.”

పని అన్న మాట చెవిన పడగానే గజేంద్రపతి ముందుకు చాచిన స్టిక్కరును జేబులో పెట్టుకున్నాడు.

“సదరు వాహనమునకు రుగ్మత ఉన్నదని నిర్ధారించినది ఎవరు?”

“నేనేనండీ.”

“చికిత్స చేయుచున్నది?”

“నేనే. మా ఆవిడ టార్చిలైటు పట్టుకుంది, అంతే.”

“వాహనము ఎవరిది?”

“నాదేనండీ, ఇంకెవరిది?”

“రోగి తరఫు బంధువూ మీరే, వైద్యుడూ మీరే, ల్యాబొరేటరీ కూడా మీరే!” గజేంద్రపతి బాధగా తల ఆడించాడు. “ఇక పర్యవేక్షణకు చోటేదండీ? ఇట్టి పరిస్థితులలో వ్యవస్థ ఎటు పోవలెను?”

పురుషోత్తం నోరు తెరిచే లోపల ఇన్‌స్పెక్టరు వంగి నేల మీది పానా ఒకటి ఎత్తి చూశాడు. దాని మీద ఎండిపోయిన కుంకుమబొట్టు ఉంది.

“ఇదేమిటి?”

“దసరాకి ఆయుధపూజ చేశామండీ. అమ్మ పెట్టింది బొట్టు.”

“అయ్యా, ఆయుధపూజ వృత్తి పనిముట్లకు చేస్తారు. పూజ అందుకున్న పానా గృహసంబంధమైన పానా కాజాలదు.” ఆయన దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, నేల మీద పడిన ఆయిలు చుక్కల వెంట లోపలికి నడిచాడు. చుక్కలు సరాసరి వంటింట్లోకి వెళ్ళాయి. మూకుడు చూసి, “ముడిసరుకు శుద్ధి విభాగం” అన్నాడు. మెట్లెక్కి డాబా మీద ప్లేట్లు చూసి, “ఆరబెట్టు విభాగం” అన్నాడు. వడియాల దగ్గర కాసేపు ఆగాడు.

“ఇవి ఎన్ని రకములు?”

“రెండండీ. గుమ్మడి, మినప” అంది వెనకాలే వచ్చిన కాత్యాయని.

“అనుబంధ ఉత్పత్తులు” అని రాసుకున్నాడు.

పురుషోత్తానికి చెమటలు పట్టాయి. “నేను విప్పింది పోర్టికోలోనండీ. కావాలంటే పోర్టికో ఒక్కదాన్నీ కార్ఖానా అనుకోండి.”

“ఆవరణ అవిభాజ్యమండీ. మీ లేఖలో మీరే మెచ్చుకున్నారు, ఆ క్లాజు చాలా బాగుందని.”

నిజమే, మెచ్చుకున్నాడు. రెండుసార్లు అండర్‌లైన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

గజేంద్రపతి రెండో జేబులోంచి ఎర్ర కాగితం తీసి గుమ్మానికి అంటించాడు. దాని మీద ‘ఇది ఇల్లు కాదు’ అని ఉంది. కార్ఖానాలో మనుషులు కాపురం ఉండరాదు గనక, ఆ సాయంత్రం నుంచి ఇక్కడ కాపలాదారు తప్ప ఎవరూ పడుకోకూడదన్నాడు. బండికి చుట్టూ టేపు కట్టి లక్కముద్ర వేశాడు.

“కనీసం ప్లేట్లు పెట్టి మూత బిగించనివ్వండి. లోపల దుమ్ము పడుతుంది” అని బతిమాలాడు పురుషోత్తం.

“బిగించుట కూడా పనియే.”

“పోనీ ఇలాగే వదిలేస్తే?”

“అసంపూర్తిగా వదులుట నిర్లక్ష్యము. అది వేరే సెక్షను.”

బిగిస్తే తప్పు, బిగించకపోతే తప్పు. పురుషోత్తం ఆఫీసులో తను ఎంతోమందిని సరిగ్గా ఇలాగే తిప్పి పంపాడు. అది ఇంత బాగా నొప్పి పెడుతుందని అప్పుడు తెలియలేదు.

చీకటి పడే వేళకు కాత్యాయని, సుందరమ్మ చెరో సంచీ సర్దుకుని పక్క వీధిలో కాత్యాయని అక్కగారింటికి వెళ్ళారు. పురుషోత్తం తన ఇంటికి తనే కాపలాదారై పోర్టికోలో మంచం వేసుకున్నాడు. బండి పక్కనే పొట్ట తెరుచుకుని పడి ఉంది. పెళ్ళయిన తర్వాత ఆ ఇంట్లో ఒక్కడే పడుకోవడం ఆయనకు అదే మొదలు. ఇల్లు ఇల్లుగా లేదు. ఏడుపొచ్చింది గాని, కాపలాదారు ఏడవచ్చో లేదో రూలు తెలియక ఊరుకున్నాడు.

కార్ఖానా అన్నాక పనివాళ్ళుండాలి. పనివాళ్ళున్న చోటికి సంక్షేమం రావాలి. సోమవారం మునిసిపాలిటీ శ్రామిక సంక్షేమ పర్యవేక్షకురాలు ప్రభావతి వచ్చింది. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని చూసే మనిషి. పొద్దున్నే అక్కగారింటి నుంచి వచ్చిన కాత్యాయని అప్పటికి వాకిలి ఊడుస్తోంది.

“ఇక్కడ కార్మికులెవరూ లేరండీ” అన్నాడు పురుషోత్తం ముందుగానే.

“టార్చిలైటు పట్టుకున్నది ఎవరని రిపోర్టులో ఉందండీ?” అని కాత్యాయని వైపు తిరిగింది ప్రభావతి. “రామ్మా, కూర్చో. నువ్వు ఇక్కడ ఏమేం చేస్తుంటావో చెప్పు.”

“ఏముందండీ చెప్పడానికి” అంది కాత్యాయని మొహమాటంగా. “లేచి వాకిలి ఊడ్చి ముగ్గెయ్యడం, పాలు కాచడం, ఈయనకి నీళ్ళు పెట్టడం, టిఫిను, క్యారేజీ... బట్టలు ఉతకడం, ఆరెయ్యడం, మడతలు, ఇస్త్రీ... అత్తయ్య గారి కాళ్ళకి నూనె...”

ప్రభావతి కాగితం నిండింది. ఇంకో కాగితం తీసింది. కాత్యాయని మధ్యాహ్నం దాకా వచ్చేసరికి ప్రభావతి కలం ఆపి చెయ్యి విదిలించుకుంది.

“ఇదంతా ఒక్క షిఫ్టేనా?”

“షిఫ్టంటే ఏంటండీ?”

“మరి ఎప్పుడు ఆపుతావు?”

కాత్యాయని ఆలోచించింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. “నిద్రొచ్చినప్పుడండీ” అంది.

ప్రభావతి అద్దాల మీదుగా పురుషోత్తం వైపు చూసింది. ఆ చూపుకు ఆయన లుంగీ కిందికి దించుకున్నాడు. అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. ఇకమీదట కాత్యాయనికి రోజుకు ఎనిమిది గంటలే పని, మధ్యాహ్నం విశ్రాంతి, ఆదివారం సెలవు. వంటగట్టు దగ్గర కూర్చోవడానికి ఎత్తు స్టూలు ఒకటి యాజమాన్యం ఏర్పాటు చేయాలి. సుందరమ్మ సంగతికొచ్చేసరికి వయోపరిమితి ఎప్పుడో దాటిపోయింది గనక ఆమెను తక్షణం విధుల నుంచి తప్పించి, గౌరవంగా పదవీ విరమణ చేయించాలి.

పదవీ విరమణ సభ పోర్టికోలోనే జరిగింది. లక్కముద్ర వేసిన బండి పక్కన కుర్చీ వేసి సుందరమ్మను కూర్చోబెట్టారు. గజేంద్రపతి శాలువా కప్పి, “వీరి సేవలు చిరస్మరణీయములు. వీరు లేని లోటు ఈ సంస్థకు తీరనిది” అని గొంతు సవరించుకుని మాట్లాడాడు. రెండు మాటలు చెప్పమంటే ముసలావిడ లేచి నిలబడింది.

“ఈ ఇంటికి కాపరానికొచ్చిన్నాటి నుంచీ చేస్తానే ఉన్నా నాయనా. ఇంక ఆపెయ్యొచ్చని ఇన్నాళ్ళకి మీరొచ్చి చెప్పారు. మా ఆయన బతికుంటే చూసి సంతోషించేవాడు. ఆయనకీ తెలీదు పాపం.” కళ్ళు తుడుచుకుని కూర్చుంది. పురుషోత్తం ఎటో చూస్తూ చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం నుంచి అసలు కష్టాలు మొదలయ్యాయి. అయిదు కాగానే కాత్యాయని చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

“ఆ పోపొక్కటి పెట్టి వెళ్ళు కాత్యాయనీ!”

“ఓవర్‌టైముకి రాతపూర్వకంగా ఆర్డరుండాలండీ. ప్రభావతి గారు గట్టిగా చెప్పారు.”

“నేనే కదా యజమానిని, నోటితో చెబుతున్నాను కదా!”

“నోటిమాట చెల్లదని మీరే అంటారుగా ఎప్పుడూ.”

ఆయనే గరిటె పట్టుకున్నాడు. క్లచ్‌లో ఏ ప్లేటు తర్వాత ఏ ప్లేటు పెట్టాలో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషికి, పోపులో ఆవాలు ముందో జీలకర్ర ముందో తెలియలేదు. రెండూ ఒకేసారి వేశాడు. ఆవాలు పేలి చేతి మీద పడ్డాయి. జీలకర్ర బొగ్గయింది. అంట్లు తోముదామని కూర్చుంటే నడుం పట్టేసింది. ఆదివారం వచ్చేసరికి మొత్తం ఆయన మీదే పడింది. బట్టలు ఉతికి ఆరేస్తే వాన వచ్చింది. ఇల్లు తుడుస్తూ తుడుస్తూ గది మూలలో ఇరుక్కుపోయి, తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు. వంట అయ్యి, తిని, కడిగి, హమ్మయ్య అని కూర్చుంటే మళ్ళీ కాఫీ వేళయింది. ఈ పనికి చివర అనేది ఎక్కడుందో ఆయనకు అంతుబట్టలేదు. బోల్టు అయితే ఒకసారి బిగిస్తే బిగిసి ఉంటుంది. గిన్నె అలా కాదు, తోమిన గిన్నె తోమించుకోవడానికే మళ్ళీ తయారవుతుంది.

రెండో ఆదివారం అక్కగారి పిల్లలతో కలిసి కాత్యాయని సినిమాకు వెళ్తూ ఇంటి ముందు నుంచి పోయింది. జడలో పూలు పెట్టుకుంది. పురుషోత్తం చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూశాడు. అలా నవ్వుకుంటూ నడిచిన కాత్యాయనిని చూసి చాలా కాలమైందని ఆయనకు తోచింది. ఎందుకు చూడలేదా అని ఆలోచించాడు. ఆదివారాలు తను బండి కింద ఉన్నాడు, ఆమె వంటింట్లో ఉంది. అంతే.

మూడో ఆదివారం గడిచాక ఇక ఓపిక లేక, ఇల్లు తిరిగి ఇప్పించమని కమిషనర్‌కు అప్పీలు పెట్టుకున్నాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. భార్యా తల్లీ మళ్ళీ ఆ కప్పు కిందికి రావాలి.

విచారణ రోజున మునిసిపల్ హాలు కిక్కిరిసి ఉంది. ఇంట్లో మిషను కుట్టినందుకు, ట్యూషను చెప్పినందుకు, కారం కొట్టినందుకు నోటీసులు అందుకున్న వాళ్ళంతా జంటలు జంటలుగా కూర్చున్నారు. వేదిక మీద కమిషనర్, ఒక పక్క గజేంద్రపతి, మరో పక్క ప్రభావతి. గోడ మీద పురుషోత్తం రాసిన అభినందన లేఖ ఫ్రేము కట్టి ఉంది.

కమిషనర్ ఆప్యాయంగా పలకరించాడు. “మీవంటి వారిని ఇబ్బంది పెట్టుట మా అభిమతము కాదండీ. క్లచ్ విషయం ఉపసంఘం పునఃపరిశీలించింది. పురుషులు ఆదివారాలు బండ్లు విప్పుట వినోదమే గాని పని కాదని తేల్చింది. కనుక ఆ అభ్యంతరం తొలగింది.”

పురుషోత్తం ముఖం వికసించింది. “అయితే నా ఇల్లు నాకొచ్చినట్టేనాండీ?”

“ఒక్క చిక్కున్నది. ప్రభావతి గారు నమోదు చేసిన పనులున్నవి చూశారూ, మీ శ్రీమతి గారివి, అవి రికార్డులో ఉన్నంతకాలం ఆ ఆవరణ కార్ఖానాయే అవుతుంది. దానికి కూడా మార్గం చూపాం. ఇక్కడ సంతకం పెట్టండి. మీ ముందు వాళ్ళందరూ పెట్టి ఇళ్ళు తీసుకెళ్ళారు.” కాగితం తీసి గట్టిగా చదివాడు. “సదరు ఆవరణయందు స్త్రీలు చేయునది పని కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”

గజేంద్రపతి కలం మూత తీసి అందించాడు. పురుషోత్తం తీసుకున్నాడు. ఒక్క సంతకం. ఆఫీసులో రోజూ చదవకుండా పెట్టే సంతకాల్లాంటిదే.

కాత్యాయని ముందు వరసలో సుందరమ్మ పక్కన కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు.

“పెట్టెయ్యండి. అత్తయ్య గారికి అక్కడ నిద్ర పట్టట్లేదు. ఇంటికి పోదాం” అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఎదురుచూసినట్టు కూడా లేదు. ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది కదా అన్నట్టుంది.

పురుషోత్తం చేతి మీద ఆవాలు పేలిన మచ్చలు ఇంకా పోలేదు. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. ఆ తర్వాత జీవితంలో మొదటిసారి ఒక రూలు మీద ఒళ్ళు మండింది.

“పెట్టలేనండీ” అన్నాడు.

“ఏమీ?”

“తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. ఆవిడ చేసేది పనేనండీ. నేను చేసి చూశాను. ఇంజను మొత్తం విప్పి బిగించడం దాని ముందు ఆటలాంటిది.”

హాల్లో ఎవరో ఒకావిడ “ఆఁ!” అంది.

గజేంద్రపతి లేచి నిలబడ్డాడు. “అట్లయితే అది కార్ఖానాయేనని మీరే ఒప్పుకొనుచున్నారు!”

“ఒప్పుకుంటున్నానండీ. కార్ఖానాయే. ఇన్‌స్పెక్టరు రావడమే ఆలస్యమైంది. ఊళ్ళో కార్ఖానా కాని ఇల్లు ఒక్కటి ఉంటే చూపించండి, నేను సంతకం పెడతా.”

కమిషనర్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన లెక్కలు వేసుకోవడం ముఖంలో కనిపిస్తోంది. ఆడవాళ్ళు చేసేది పనే అయితే, పని జరిగే చోటు కార్ఖానా అయితే, నందిరేవులో ఇల్లనేదే లేదు. ప్రశాంత పట్టణం బహుమతి సంగతి దేవుడెరుగు, ఊరు ఊరంతా పారిశ్రామికవాడ. జనం కాపురాలు మానేసి రాత్రిళ్ళు ఎక్కడ పడుకోవాలి?

ప్రభావతి ముక్కు మీది అద్దాలు సర్దుకుని మెల్లగా అంది. “సార్, తమరి క్వార్టర్స్ ఇన్‌స్పెక్షను కూడా ఈ శుక్రవారమే ఉందండీ.”

కమిషనర్ గారు గ్లాసెడు నీళ్ళు గటగటా తాగారు. అభియోగం ఉపసంహరించడమైనదన్నారు, అసలు పెట్టలేదన్నారు, లక్కముద్ర తీసేయమన్నారు. “వెళ్ళండి పురుషోత్తం గారూ, అది ఇల్లే. నూటికి నూరు పాళ్ళూ ఇల్లే. వెళ్ళి క్లచ్ బిగించుకోండి.”

అందరూ లేచారు. కాత్యాయని మాత్రం కూర్చునే ఉంది.

“అయితే నా ఆదివారం సెలవు?”

“అమ్మా, సెలవు కార్ఖానాలో ఉంటుంది. ఇంట్లో సెలవులుండవు. అది నిర్వచనంలోనే లేదు” అన్నాడు కమిషనర్ జాలిగా.

పురుషోత్తం కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. “అది మా అంతర్గత పరిపాలనా విషయమండీ. తమరి దాకా రాకుండా స్థానికంగా సర్దుబాటు చేసుకుంటాం” అన్నాడు. కాత్యాయని ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, అత్తగారికి చెయ్యందించి లేపింది.

ఆ ఆదివారం ముందు వంట చేసి, అంట్లు తోమి, ఆ తర్వాత బండి దగ్గర కూర్చున్నాడు పురుషోత్తం. ఆయిల్లో నాని ఉన్న కొత్త ప్లేట్లను, ఇనప ప్లేట్లను ఒకదాని తర్వాత ఒకటి పేర్చాడు. స్ప్రింగుల బోల్టులు ఎదురెదురువి చూసుకుంటూ సమంగా బిగించాడు. పాత ప్యాకింగు గీకి కొత్తది వేసి మూత పెట్టాడు. బండికి పోయాల్సిన ఆయిలు కొనుక్కొచ్చి పోశాడు. మూడో గేరులో వేసి బ్రేకు పట్టి క్లచ్ వదిలితే ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఇంజను ఆగిపోయినందుకు ఆయన చిన్నపిల్లాడిలా ఎగిరాడు. సాయంత్రం కాత్యాయనిని వెనక కూర్చోబెట్టుకుని రైల్వే వంతెన ఎక్కించాడు. ఆమె దిగలేదు.

గుమ్మానికి ఎర్ర కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది. అది చింపడానికి అధికారికి తప్ప ఎవరికీ హక్కు లేదు గనక, రూలు ప్రకారం చింపించుకుందామని సోమవారం పొద్దున్నే పురుషోత్తం మునిసిపాలిటీకి వెళ్ళాడు. వెళ్ళి చూస్తే వర్గీకరణ విభాగం ముందు నుంచి రోడ్డు దాకా ఆడవాళ్ళ వరస. ఒకావిడ చేతిలో కొంగుకు కట్టిన బోల్టు ఉంది. ఇంకొకావిడ సాక్ష్యానికి ఏకంగా క్లచ్ లీవరే పీక్కొచ్చింది.

“మా ఆయన కూడా ఇంట్లో క్లచ్ విప్పాడండీ! వినోదానికి కాదు, పనికే!”

“మా ఇంట్లో రెండుసార్లు విప్పారు బాబూ, ముందు మాది రాయండి!”

గజేంద్రపతికి తల ప్రాణం తోకకొచ్చింది. జుట్టు చెదిరిపోయి, మొదట నిలబడిన పెద్దావిడను అడుగుతున్నాడు. “మీ గృహమునందు వాహనమేదమ్మా?”

“బండి లేదయ్యా మాకు.”

“వాహనమే లేనిచో క్లచ్ ఎచ్చట విప్పినట్టు?”

“బండిదేముంది, వచ్చే నెల కొనిపిస్తాలే. ముందు నువ్వొచ్చి ఆ ఎర్ర కాగితం అంటించి పో నాయనా.”